నాలుగో ప్రయత్నంలో తుమ్ము

1
స్విచాఫ్‌కు ఇంకా ఇరవై ఒక్క రోజులు

ఈ రిజిస్టరు పాడైన మౌసుల వివరాలు రాయమని ఇచ్చారు. మా ల్యాబులో పాడవని మౌసు లేదు కాబట్టి మొదటి పేజీలోనే పని పూర్తయిపోయింది. మిగతా పేజీలన్నీ ఖాళీ. నాకేమో కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే అన్నం అరగదు. నోటితో చెబుదామంటే చెవికున్న పోగు వింటుంది, విన్నది దాచుకుంటుంది, పోగులనీ కాలేజీలనీ ఏలే బోర్డువాళ్లు అడిగితే అప్పజెబుతుంది. అయితే పోగుకి చెవులే గానీ కళ్లు లేవు. అందుకని పెన్ను పట్టాను.

నా పేరు పేరిందేవి. పేటలంక డిగ్రీ కాలేజీలో సైకాలజీ డెమాన్‌స్ట్రేటరుని. ముప్పై ఒక్క ఏళ్లుగా నేర్పుతున్నది ఒకటే పేపరు, 'మానవ జ్ఞాపకశక్తి: కంప్యూటర్ అభ్యాసాలు'. ముసలి కంప్యూటర్లు పద్దెనిమిది ఉన్నాయి, పలికేవి పదకొండు. విద్యార్థులు ఇరవై ఇద్దరు. క్లాసు మొదలవగానే అందరూ చెవుల్లోంచి పోగులు తీసి ఇడ్లీ స్టాండులో పెట్టాలి. ఆరు రేకులు, రేకుకి నాలుగు గుంటలు, గుంటకో పోగు. బోర్డువాళ్లు పంపిన డబ్బా తుప్పు పట్టాక మా ఇంటి స్టాండే తెచ్చి పెట్టాను.

పోగు తీసిన మనిషిని చూస్తే జాలేస్తుంది. ఐదో ఏట చెవులు కుట్టిన రోజునుంచీ అది గుసగుసలాడుతూనే ఉంటుంది. ఎదురుగా వస్తున్నది మీ మేనమామ, వంటింట్లోకి వచ్చింది ఉప్పు కోసం, నిన్న పెళ్లాం మీద ఒట్టేసింది ఫలానా సంగతి గురించి. 'మర్చిపోయాను' అనే మాటే పోయింది. ఇప్పుడందరూ 'పోగు చెప్పలేదు' అంటారు.

ఇవాళ ప్రిన్సిపాల్ భీమశంకరం గారు మైకులో బోర్డు ఉత్తరం చదివించారు. పోగులన్నిటికీ వెనక ఉండే పెద్ద యంత్రం పాతబడింది, కొత్తది బిగిస్తారు, అందుకు తొమ్మిది రోజులపాటు జిల్లాలో పోగులన్నీ మూగబోతాయి. "ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు. పేటలంక డిగ్రీ కాలేజీ ముప్పై రెండేళ్ల ప్రయోగశాల రికార్డుల ప్రకారం, పోగు లేని మనిషి సగటున 7.2 విషయాలు గుర్తుంచుకోగలడని తేలినది." మా సార్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. స్టాఫంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. ఎందుకో రేపు రాస్తాను.

2
ఇంకా ఇరవై రోజులు

రాయక తప్పదు. ఆ 7.2 నాది.

మొదటి అభ్యాసం ఏమిటంటే, కంప్యూటరు తెరమీద అంకెలు ఒక్కొక్కటే మెరిసి మాయమవుతాయి. అన్నీ అయ్యాక వరసగా టైపు చేయాలి. ఎన్ని తప్పులేకుండా చేస్తే అంత నీ జ్ఞాపకం. ఆరు ప్రయత్నాలు. ముప్పై రెండేళ్ల కింద ఈ ల్యాబులోనే, కిటికీ పక్క కంప్యూటరు మీద, పంతొమ్మిదేళ్ల పేరిందేవి ఆ పని నిజాయితీగా చేసింది. అప్పటికింకా మా ఇంటికి పోగు రాలేదు. 7, 8, 7, 6, 7, 8. నాలుగోసారి ఆరే ఎందుకొచ్చిందంటే, కీబోర్డు మీద దుమ్ము ఊదబోయి తుమ్మాను. ఆ సంగతి కూడా వ్యాఖ్యల గడిలో రాశాను: 'నాలుగో ప్రయత్నంలో తుమ్ము వచ్చింది.'

మరుసటి ఏడు నా జూనియర్లు నా రికార్డు అడిగితే ఇచ్చాను. ప్రాక్టికల్ రికార్డు అంటే ముందు బ్యాచ్ వాళ్లది ఎక్కించుకునేదే కదా, అది ఈ దేశంలో పోగుల కన్నా పాత సంప్రదాయం. వాళ్లు ఎక్కించుకున్నారు. వాళ్లది చూసి తర్వాతివాళ్లు. ఆ ఏడే నేను ఉద్యోగంలో చేరాను కాబట్టి సంతకాలు నావే. అంకెలు అవే, సగటు అదే. గొర్రెల మందలో ముందు గొర్రెని నేనే, కాపరినీ నేనే. ఏటా ఎర్రసిరా సంతకం పెడుతూ, 'పిల్లకాయలు, పోనీలే' అనుకున్నాను.

ఇవాళ బోర్డువారి పూర్తి నివేదిక తెప్పించి చదివాను. నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: "నాలుగో ప్రయత్నంలో తుమ్ము వచ్చుట మానవ సహజమని ముప్పై రెండేళ్ల పరిశీలనలో స్పష్టమగుచున్నది." దాని కింద ఒక గ్రాఫు కూడా వేశారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

3
ఇంకా పందొమ్మిది రోజులు

అసలు లెక్క తేలుద్దామని ఇరవై ఇద్దరినీ కూర్చోబెట్టి నిజంగా అభ్యాసం చేయించాను. వాళ్లు ఆశ్చర్యపోయారు.

"నిజంగా చెయ్యాలా మేడమ్?" అంది ఎస్తేరు. క్లాసులో అందరికన్నా చురుకైన పిల్ల, నోరు కూడా అంతే. "మా అక్క రికార్డు తెచ్చేసుకున్నాను కదా నేను."

"ఇవాళ్టికి నీ బుర్ర తెచ్చుకో తల్లీ."

సగటు 2.3. ఎస్తేరు నాలుగు దాకా పోయింది. అందరికన్నా తక్కువ నూకరాజుది. మొదటిసారి ఒకటి, రెండోసారి రెండు, మూడోసారి తెరకేసి చూస్తూ కూర్చుండిపోయాడు. వాళ్లు చూస్తూ ఉండగా నేనూ చేశాను. మూడు. ఒకప్పుడు ఎనిమిది చేసిన బుర్ర ఇది. ఎవరో నా నగలు నా కళ్లముందే ఒలుచుకుపోయినట్టు బాధ వేసింది.

నూకరాజు గురించి చెప్పాలి. నలభై ఏళ్లవాడు. కాలేజీ రేవునుంచి ఎగువపేటకి పడవ నడుపుతాడు. పెద్ద పడవ నడిపే సరంగు పోస్టుకి డిగ్రీ కావాలన్నారని మాతో కూర్చుని చదువుతున్నాడు. మంచివాడు, భయస్థుడు, శకునాల పిచ్చి జాస్తి. ఎవరు తుమ్మినా సరే పడవ కదలదు. ఇంజను ఆపేసి, మరచెంబులో మంచినీళ్లు రెండు గుక్కలు తాగి, అప్పుడు మళ్లీ. ప్రిన్సిపాల్ గారికి జలుబు చేసినప్పుడు ఒకసారి రేవులోనే ముప్పావుగంట ఉండిపోయాం.

అతని గురించి ఎందుకంటే, ఎగువపేటకి పోయే దారిలో సముద్రం మింగేసిన పాత ఊరుంది. దానిమీదుగా పదకొండు మలుపులు. నీళ్ల ట్యాంకు దగ్గర ఎడమకి, సెల్ టవరు దగ్గర కుడికి, సినిమాహాలు పైకప్పు దగ్గర మళ్లీ కుడికి, ఇలా. అన్నిటికన్నా చెడ్డది నాలుగోది. అక్కడ పైకి ఏమీ కనబడదు, అడుగున రైసుమిల్లు గోడ ఉంది. ఇంజను ఆపెయ్యాలి. ఆపితే నీళ్లే పడవని కుడికి జార్చి, గోడ విరిగిన సందు ఎదుటికి తెస్తాయి. అప్పుడు మళ్లీ ఇంజను. రెండేళ్ల కింద ఒక ఇసుక పడవవాడు ఆపకుండా పోయాడు. పడవ రెండు ముక్కలైంది, ముగ్గురు పోయారు. వచ్చేదారి వేరే, వెడల్పు పాయలో ప్రవాహమే తెచ్చి పడేస్తుంది.

ఆ పదకొండూ ఇన్నేళ్లూ నూకరాజుకి పోగే చెప్పింది. ఇంకో పందొమ్మిది రోజుల్లో అది చెప్పడం మానేస్తుంది. సాయంత్రం నాలుగున్నర పడవలో నలభై మంది ఉంటాం.

4
ఇంకా పదిహేడు రోజులు

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి అంతా ఒప్పేసుకున్నాను. ఆయన విన్నారు. గుమ్మం దాకా వెళ్లి తలుపు వేసి వచ్చారు.

"పేరిందేవి గారూ, మీ తుమ్ము కోసం జిల్లాని ఆపమంటారా?"

"నా తుమ్ముని నమ్మి జిల్లా నడవొద్దంటున్నాను సార్."

"ముప్పై రెండు బ్యాచీల డిగ్రీలు ఏమైపోతాయో ఆలోచించారా? నేనూ ఇక్కడే చదివానండీ." ఆయన గొంతు తగ్గించారు. "నా రికార్డులోనూ తుమ్ముంది."

"పోనీ తొమ్మిది రోజులు సెలవివ్వండి. పడవ ఎవరూ ఎక్కరు."

"మన రికార్డు చూపించి స్విచాఫ్ చేస్తుంటే, మన కాలేజీకే సెలవివ్వడమా? నవ్విపోరూ!"

బోర్డుకి ఉత్తరం రాశాను, ఫోనూ చేశాను. డిప్యూటీ డైరెక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు. "చూడండమ్మా, ముప్పై రెండేళ్ల రికార్డులు ఒకే మాట మీదున్నాయి. మీరు ఒక్కరు ఇవాళ ఇంకో మాట చెబుతున్నారు. నేనెవర్ని నమ్మాలి?"

"ఆ రికార్డులన్నిటి మీదా ఉన్న సంతకం నాదేనండీ!"

"అందుకే నమ్ముతున్నామమ్మా" అన్నాడు. నేను తవ్విన గొయ్యి నాకు సరిగ్గా సరిపోయింది.

5
ఇంకా పదహారు రోజులు

ఏడ్చి లాభం లేదు. ల్యాబుంది, అభ్యాసాలున్నాయి, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారైనా వాటితో ఎవరికైనా ఏదైనా నేర్పితే తప్పా?

రెండో అభ్యాసంలో పదిహేను మాటలు వరసగా వస్తాయి. ఆ మాటలు తీసేసి నూకరాజు మలుపులు పదకొండూ ఎక్కించాను. అతను చూశాడు, టైపు చేశాడు. మొదటి మూడూ వచ్చాయి, చివరి రెండూ వచ్చాయి. మధ్యవన్నీ గల్లంతు. ఇంకోసారి చేయించాను, మళ్లీ అంతే.

ఇది నూకరాజు తప్పు కాదు, అందరికీ ఇంతే. పెళ్లి భోజనంలో మొదట వేసిన స్వీటు గుర్తుంటుంది, చివర పోసిన పెరుగు గుర్తుంటుంది. మధ్యలో ఏం కూర వేశారో చెప్పమంటే వధువు తండ్రి కూడా చెప్పలేడు. పుస్తకంలో ఇది చదివి ముప్పై ఒక్క ఏళ్లు ఒప్పజెప్పాను గానీ, ఆ మధ్యలో రైసుమిల్లు గోడ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఆయ్, కాయితం మీద రాసేసి పడవకి అంటించేద్దారండి" అన్నాడు నూకరాజు.

సరేనని పోగు తీయించి, ఖాళీ పడవలో నేనూ ఎస్తేరూ ఎక్కి బయల్దేరాం. కాగితం చూశాడు, 'ఎడమ' అన్నాడు, తిప్పాడు. తలెత్తి నీళ్లకేసి చూశాడు. మళ్లీ కాగితం చూసేసరికి ఏ వరసలో ఉన్నాడో మర్చిపోయాడు. 'ఎడమ' అన్నాడు, తిప్పాడు. పది నిమిషాల్లో మళ్లీ కాలేజీ రేవు దగ్గరికే వచ్చాం. "ఎగువపేట బాగా మారిపోయిందండీ!" అన్నాడు.

పోనీ పక్కన కూర్చుని నేను చదువుదామంటే, ఇంజను మోతలో నా అరుపు నాకే వినబడలేదు. పోగంటే చెవిలోపలే మాట్లాడుతుంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ ఆ బాధ తెలియలేదు.

6
ఇంకా పన్నెండు రోజులు

మూడో అభ్యాసం. మంచం, దిండు, దుప్పటి, దోమతెర, ఆవలింత, గురక, కల, జోలపాట. ఈ మాటలు చూపించి, కాసేపాగి, ఏమేం చూశారో రాయమంటాం. ఇరవై ఇద్దరిలో ఇరవై మంది 'నిద్ర' అని రాశారు. ఆ మాట జాబితాలో లేదు.

నూకరాజు ఒప్పుకోలేదు. "నిద్ర లేకుండా గురక ఎక్కణ్ణించొత్తాదండీ? నేను సూసేనండి, గురక పక్కనే ఉంది. బైబిలు మీద పెమాణం సెయ్యమన్నా సేత్తాను."

"బైబిలు నాది, నీకెందుకు?" అంది ఎస్తేరు.

మనసుకి ఖాళీ నచ్చదు. ఉండాల్సింది లేకపోతే అదే ఒకటి చేసి పెట్టుకుంటుంది, పైగా దానికోసం ప్రమాణాలు చేస్తుంది. ఈ ముక్క చెప్పి ఊరుకున్నాను గానీ, సాయంత్రం ఖాళీ పడవలో పోగు తీయించి చూస్తే నూకరాజు కరెంటు స్తంభం దగ్గర ఒక మలుపు తిప్పాడు. అక్కడ మలుపే లేదు. "ఉందండీ, ఎప్పుడూ తిప్పుతానండీ" అన్నాడు. పోగు పెట్టుకుని అడిగితే లేదంది. అతను తెల్లబోయాడు. ఆ తర్వాత మాత్రం ల్యాబులో నేనేం చెప్పినా వాదించకుండా చేశాడు.

ఇవాళ ఇంకో ముచ్చట. స్టాండు తుడుస్తూ అటెండరు రేకులు తారుమారు చేశాడు. నూకరాజు చూసుకోకుండా ఎస్తేరు పోగు పెట్టుకుని, అది చెప్పిన దారిన పోయి, ఎస్తేరు వాళ్లింట్లో కాళ్లు కడుక్కుని "అమ్మా, కాఫీ" అన్నాడట. వాళ్లమ్మ ఇచ్చింది కూడా.

7
ఇంకా మూడు రోజులు

చీపురు పుల్లలు విడివిడిగా ఉంటే చేతిలో నిలవవు, కట్ట కడితే నిలుస్తాయి. మలుపులు కూడా కట్టలు కట్టాం. మొదటి మూడూ ఒక కట్ట: ట్యాంకు, టవరు, హాలు. ఐదునుంచి ఎనిమిది ఒక కట్ట. చివరి మూడూ ఒక కట్ట. ఎస్తేరు ఒక్కో కట్టకీ కథ అల్లింది. ట్యాంకులో స్నానం చేసి, టవరెక్కి ఆరబెట్టుకుని, సినిమాకి పోయాడు మా నూకరాజు. రోజూ పది నిమిషాలు, మధ్యలో వేరే పని, మళ్లీ పది నిమిషాలు. ఒకేసారి గంటసేపు రుద్దేకన్నా ఇలా చేస్తేనే మనసుకి పడుతుందని నాలుగో అభ్యాసం చెబుతుంది. నాకూ నమ్మకం లేదు గానీ పడింది! అతని చేత పదిసార్లు చేయిస్తే పదిసార్లూ పది మలుపులు వచ్చాయి.

రానిది నాలుగోది.

అది ఏ కట్టలోనూ ఇమడదు. మిగతావన్నీ చూసి తిప్పేవి, ఇది చూడకుండా ఆపేది. సినిమాహాలు తర్వాత నేరుగా ఐదో మలుపు కొబ్బరిమోళ్లకి పోతాడు. గోడ బొమ్మ గీశాను, పాట కట్టాను, చేతిమీద రాశాను. ల్యాబులో గుర్తుంటుంది, పడవలో హాలు దాటగానే ఎగిరిపోతుంది. ఇవాళ పోగు తీసి వెళ్లినప్పుడు నేను చెయ్యి పట్టుకుని గుంజితే గానీ ఆపలేదు.

"మేడమ్ గారండీ, ఆ రోజు మీరు ఎక్కకండి" అన్నాడు.

"రోజూ ఎక్కేదాన్నే కదయ్యా."

"సంపేత్తానేమోనండి."

నాకు భయమేసింది. దాచి ప్రయోజనం లేదు, చాలా భయమేసింది. అయినా మునగాల్సొస్తే ఆ పడవలో మొదట మునగాల్సింది నేనే.

8
మొదటి రోజు

పొద్దున్న ఆరింటికి పోగు 'సెలవు' అని ఊరుకుంది. పోగు చెవికి ఉండగా అంత నిశ్శబ్దం ముప్పై ఏళ్లలో వినలేదు.

బజారు చూడాల్సిందే. అందరూ అందరికీ నమస్కారాలు పెడుతున్నారు, ఎవరు మామగారో ఎవరు పాలవాడో తెలియక. నూకాలమ్మ గుడి వీధిలో ఒకాయన తాళంచెవితో నాలుగిళ్ల తలుపులు ప్రయత్నించి, ఐదో ఇంట్లోవాళ్లు రమ్మంటే లోపలికి పోయాడు. కాలేజీలో ప్రిన్సిపాల్ గారు నన్ను ఎగాదిగా చూసి "తమరెవరండీ?" అన్నారు.

"మీ కాలేజీ పేరు నిలబెట్టిన తుమ్ముని సార్" అన్నాను. ఆయనకి వెంటనే గుర్తొచ్చింది.

మధ్యాహ్నం రేవులో నిలబడి వచ్చినవాళ్లందరికీ చెప్పాను, ఈ పూటకి పడవెక్కొద్దని. "ఏడు గుర్తుంటాయని బోర్డే చెప్పింది కదండీ" అని ఎక్కారు. ఇళ్లకి పోవడానికి వేరే దారి కూడా లేదు. పోస్టాఫీసు గుమస్తా, చేపల మార్కెట్టు ఆడవాళ్లు, నర్సులు, స్కూలు టీచర్లు, అందరూ ఒకప్పుడు మా కాలేజీలో చదివినవాళ్లే. లంకలో ఇంకో కాలేజీ లేదు. నూకరాజు పక్కన కూర్చుందామనుకున్నాను గానీ జనం తోపులో వెనకే ఇరుక్కుపోయాను. ఎస్తేరు నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

నాలుగున్నరకి బయల్దేరాం. నూకరాజు మొహంలో నెత్తురు లేదు. పెదాలు కదుపుతూ కథ చెప్పుకుంటున్నాడు. ట్యాంకు వచ్చింది, ఎడమకి తిప్పాడు. గుమస్తా ఉత్సాహం పట్టలేక "ఒకటీ!" అని అరిచాడు. టవరు దగ్గర ఐదారుగురు "రెండూ!" అన్నారు. సినిమాహాలు పైకప్పు దగ్గరికి వచ్చేసరికి పడవ మొత్తం "మూడూ!" అంది.

హాలు దాటింది. నూకరాజు పెదాలు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. ఆ కళ్లలో ఏమీ లేదు. నేను లేచి "ఆపు! ఇంజనాపు!" అని అరిచాను. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. మనుషుల్ని తోసుకుంటూ ముందుకి పోబోయి ఎవరిదో చేపలబుట్ట తట్టుకుని పడ్డాను. కింద పడి ఉండగా నా ప్రాణం పోయిందనే అనుకున్నాను.

"నాలుగూ!" అన్నారు నలభై మంది. అన్నాక ఒక్క క్షణం ఆగారు. నాలుగో దగ్గర ఏదో ఉండాలని వాళ్లందరికీ అనిపించింది. బుట్ట తాలూకు చేపలమ్మి, ఏ పదిహేనేళ్ల కిందో డిగ్రీ చదివిన మనిషి, నిద్రలో పలవరించినట్టు అంది: "నాలుగో ప్రయత్నంలో తుమ్ము వచ్చింది."

గుమస్తా అందుకున్నాడు. నర్సులు అందుకున్నారు. చేత్తో రాసి రికార్డు కట్టినవాళ్లు కదా అందరూ! పోగు చెప్పకుండా వాళ్లకి గుర్తున్న వాక్యం లోకంలో అదొక్కటే కావచ్చు. నా ఒక్కదాని గొంతుని మింగేసిన ఇంజను మోత నలభై గొంతుల్ని మింగలేకపోయింది. "నాలుగో ప్రయత్నంలో తుమ్మూ!" అని నవ్వుతూ, చప్పట్లు కొడుతూ పడవంతా అరిచింది.

నూకరాజుకి ఆ వాక్యంలో వినబడింది ఒక్క మాటే. తుమ్ము. తుమ్మితే ఏం చేస్తాడు? ఇంజను ఆపేశాడు. మరచెంబు తీశాడు.

నిశ్శబ్దం. నీళ్లు పడవని మెల్లగా కుడికి జార్చాయి. ఎడమపక్క రెండడుగుల లోతున ఆకుపచ్చగా నాచు పట్టిన గోడ జరుగుతూ కనిపించింది. లేచి కూర్చుని అంచుమీదుగా చూస్తే, ఇటుకలు ఎంచగలిగేంత దగ్గర. పడవలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ ఆ గోడకేసి చూశారు. నూకరాజు రెండు గుక్కలు నీళ్లు తాగి, గోడ చూసి, మూడో గుక్క తాగాడు.

"ఇంతకీ ఎవరిదది?" అన్నాడు గుమస్తా చిన్నగా. "తుమ్మింది ఎవరు? మా అన్నయ్య రికార్డులో ఉంటే నేను రాశాను."

"మా వదిన దాంట్లో చూసి నేను" అంది చేపలమ్మి.

పడవ అడుగున చేపల మధ్య కూర్చునే చెయ్యెత్తాను. "నాది. నిజంగా తుమ్మింది నేనొక్కదాన్నే. ఏడు గుర్తున్నదీ నా ఒక్కదానికే. మీరు ఎక్కించుకుంటుంటే తెలిసీ సంతకాలు పెట్టాను. అది చూసే ఇవాళ పోగులు ఆపారు. తప్పు నాది. క్షమించమని అడగడానికి మొహం లేదు."

గోడ విరిగిన సందు ఎదురుగా వచ్చింది. నూకరాజు ఇంజను వేస్తూ అన్నాడు: "నాలుగయ్యిందండి. ఐదు సెప్పండి."

పదకొండూ అరుచుకుంటూ ఎగువపేట చేరాం. దిగేటప్పుడు చేపలమ్మి నాకేసి తిరిగి, "మీరు పడ్డ బుట్ట నాదండి, సందువా చేపలు నలిగిపోయాయి" అని చివాట్లు పెట్టింది. ఇంకెవరూ ఏమీ అనలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

9
పదో రోజు

మిగతా ఎనిమిది రోజులూ ఏ పడవలో ఎవరెక్కినా అదే పాట. బడిపిల్లలకి కూడా వచ్చేసింది. ఇవాళ పొద్దున్న పోగులు మళ్లీ పలికాయి. నూకరాజు పెట్టుకుని పడవ నడిపాడు. నాలుగో దగ్గర పోగు చెప్పేలోపే ఆపేశాడట.

బోర్డునుంచి అభినందన పత్రం వచ్చింది. "తొమ్మిది రోజులలో ఒక్క ప్రమాదమూ జరగనందున 7.2 అనునది నిస్సందేహముగా రుజువైనది." నా ఉత్తరం గురించి విడిగా ఒక వాక్యం: పరిశీలనలో ఉన్నది. కింద ఇంకొకటి: ఇకమీదట ప్రాక్టికల్ రికార్డులలోని విలువలు ప్రామాణిక విలువలకు భిన్నంగా ఉన్నచో పది మార్కులు తగ్గించబడును.

క్లాసుకి చదివి వినిపించాను. "నాకు నిజం కావాలి. కానీ నిజం రాస్తే పది మార్కులు పోతాయి, ఆ మార్కులు తెచ్చివ్వడం నా వల్ల కాదు. ఎవరిష్టం వాళ్లది" అన్నాను. నూకరాజు చెయ్యెత్తి, పాసుకి ఎన్ని కావాలని అడిగాడు. చెప్పాను. అతను వేళ్లమీద ఎంచుకుని, మళ్లీ ఎంచుకుని, కూర్చున్నాడు. పది పోతే సరంగు పోస్టు ఈ ఏడు అతనికి దాదాపు లేనట్టే.

10
రికార్డుల రోజు

ఇరవై రెండు రికార్డులు బల్లమీద ఉన్నాయి. ఎర్రసిరా పెన్ను నింపుకుని కూర్చున్నాను.

పదిహేడింటిలో తుమ్ముంది. వాళ్లని ఏమీ అనలేదు, అనే హక్కు ముప్పై ఒక్క ఏళ్ల కిందే పోగొట్టుకున్నాను. ఎస్తేరుది నిజం, మళ్లీ కూర్చుని చేసినట్టుంది, నాలుగులూ ఐదులూ. ఇంకో ముగ్గురివి కూడా.

చివరిది నూకరాజుది. అట్ట మీద నీళ్ల మరక. లోపల కోడిగీతల రాత, ఒక్కో అక్షరం నొక్కి పెట్టింది. ఒకటి. రెండు. రెండు. మూడు. రెండు. మూడు. సగటు గడిలో 2.1 అని వేసి, కొట్టేసి, మళ్లీ లెక్కగట్టి 2.2 అని దిద్దుకున్నాడు. వ్యాఖ్యల గడిలో ఒక్క వాక్యం: 'నాలుగో ప్రయత్నంలో తుమ్ము రాలేదు.'

సంతకం పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి, చదివి పెట్టాను.